ఇసుకలో దిగబడితే ముందు కాలు తీయండి

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం సాయంత్రం మంగమారిపేట దాటాక, రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఇసుకలో ఒక కొత్త కారు పొట్ట దాకా దిగబడి కనిపించింది. చుట్టూ నలుగురు కుర్రవాళ్లు. ఒకడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, ఇద్దరు వెనక నుంచి తోస్తున్నారు, నాలుగోవాడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. స్టీరింగు దగ్గరున్నవాడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఒట్టు. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, ఇసుక లేచి తలుపుల మీద పడుతోంది, కారు మాత్రం ముందుకు వెళ్లడం మానేసి కిందికి వెళుతోంది. కెరటాలు ఇంకా పాతిక గజాల దూరంలో ఉన్నాయి. పోటు మొదలైందని వాళ్లెవరూ గమనించినట్టు లేదు.

నేనూ మా ఆవిడా భీమిలిలో పెళ్లికి వెళ్లి ఆటోలో తిరిగి వస్తున్నాం. ఆటో ఆపించాను. "ఇక ఇంటికి చేరినట్టే" అని మా ఆవిడ నిట్టూర్చింది. ఇసుకలో ఇరుక్కున్న బండి కనిపిస్తే నేను దిగకుండా ఉండలేనని ఆమెకు తెలుసు.

"బాబూ, ముందు ఆ కాలు తీయి. తరువాత టైర్లలో గాలి తీయండి" అన్నాను.

నలుగురూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. స్టీరింగు దగ్గరి కుర్రవాడు మర్యాదస్థుడే, కిందికి దిగి మరీ చెప్పాడు: "లేదండీ తాతగారూ, బీచ్‌కి వస్తున్నామని బంకులో ప్రత్యేకంగా నలభై కొట్టించాం."

నలభై పౌండ్లు! ఇసుకలోకి వస్తూ గాలి ఎక్కువ కొట్టించుకుని వచ్చారు. ఆ మాట వినగానే ముప్పై ఏళ్ల కిందటి నేనే ఎదురుగా నిలబడ్డట్టు అనిపించింది. ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం.

నేను మొదట పోర్టులో బొగ్గు లారీలు తోలాను. 1995లో ఒమన్ వెళ్లి, పద్దెనిమిదేళ్లు డ్రైవరుగా చేసి 2013లో ఇంటికి వచ్చేశాను. పంపిన ఏజెంటు పేరు ఇప్పుడెందుకు గానీ, ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "అక్కడి రోడ్లు అద్దంలా ఉంటాయి, స్టీరింగు పట్టుకుని కూర్చోవడమే నీ పని." బొంబాయిలో పరీక్ష పెట్టినప్పుడు డ్రమ్ముల మధ్య ఎనిమిది అంకెలాగా లారీని వెనక్కి నడపమన్నారు. నడిపాను. చేతికి వీసా ఇచ్చారు. ఇసుక అనే మాట ఎవరి నోటా రాలేదు.

ఏజెంటు చెప్పింది అబద్ధం కాదు. మస్కట్ నుంచి సలాలా దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్ల రోడ్డు నిజంగానే అద్దంలా ఉంటుంది. నా ఉద్యోగం మాత్రం ఆ రోడ్డు మీద కాదు. నేల అడుగున చమురు ఉందో లేదో చూసే సర్వే బృందానికి నీళ్లు, కేబుళ్లు, బియ్యం, ఉల్లిపాయలు మోసే పికప్ నాది. సలాలాకు ఉత్తరంగా సుమారు ఎనభై కిలోమీటర్లు వెళితే థుమ్రైత్. అక్కడ తారు రోడ్డు వదిలి కంకర బాట పట్టుకుంటే షిసర్ వస్తుంది. సాంబ్రాణి వ్యాపారం జరిగిన రోజుల నాటి పాడుబడ్డ కోట ఉన్న ఊరు, 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇంకా లోపలికి వెళితే అల్ హష్మాన్ అనే చిన్న పల్లె. ఆ తరువాత ఇసుకే. రుబ్ అల్ ఖాలీ. మనం తెలుగులో "ఇల్లు ఖాళీ" అంటామే, ఆ ఖాళీయే. రుబ్ అంటే పావు వంతు. ఖాళీగా ఉన్న పావు వంతు అన్నమాట. సౌదీ, ఒమన్, ఎమిరేట్స్, యెమెన్ నాలుగు దేశాల్లో కలిపి ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి మన రాష్ట్రంలాంటివి నాలుగు పరిచేంత. దిబ్బలు కొన్ని 250 మీటర్ల ఎత్తు ఉంటాయి.

అక్కడ మొదటిసారి దిగబడింది వెళ్లిన మూడో వారంలో. పక్కన మలయాళీ మెకానిక్ ఉన్నాడు, అందరం ఆయన్ని చేట్టన్ అని పిలిచేవాళ్లం. వెనక నీళ్ల డబ్బాల మధ్య దారి చూపించే ఒక ముసలి బెదూయిన్, అంటే ఎడారిలో తిరిగే తెగ మనిషి, కూర్చున్నాడు. కంకర బాట మీదికి గాలి ఒక ఇసుక నాలుకను తోసింది, అడ్డంగా ఇరవై అడుగులు ఉంటుందేమో. వర్షాకాలంలో గాజువాక గోతులు దాటినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకుని బండిని పోనిచ్చాను. సగంలో ఆగింది. నేను యాక్సిలరేటర్ నొక్కాను. బండి దిగింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా దిగింది. క్లచ్ కాలిన వాసన వచ్చింది.

ముసలాయన తీరిగ్గా దిగి, చెప్పులు విప్పి బండి మీద పెట్టి, నా వైపు తలుపు తెరిచాడు. ఏమీ అనలేదు. నా మోకాలి కింద చేయి పెట్టి కాలు పైకెత్తి పక్కన పెట్టాడు, చంటిపిల్లవాడి కాలు ఎత్తి పెట్టినట్టు. "షువయ్ షువయ్, యా రఫీక్" అన్నాడు. మెల్లగా, మిత్రమా అని. అక్కడ పేరు తెలియని ప్రతి భారతీయుడూ రఫీకే.

తరువాత బండి పక్కగా వెళ్లిన ఒంటె అడుగు చూపించాడు. ఆ ఉదయం ఎప్పుడో నడిచి వెళ్లిన ఒంటె. పెద్ద పళ్లెమంత అడుగు, లోతు మాత్రం వేలి మందం కూడా లేదు. ఆ పక్కనే నా టైరు తవ్విన గొయ్యి, మోచేయి దాకా దిగింది. నన్ను చూశాడు, టైరును చూశాడు. తుమ్మలాంటి చెట్టు ముల్లు ఒకటి జేబులోంచి తీసి వాల్వులో పొడిచి పట్టుకున్నాడు. సుయ్‌మని గాలి పోతుంటే టైరు అడుగు భాగం మెల్లగా పరుచుకోవడం కళ్లారా చూశాను. నాలుగు టైర్లకూ అలాగే చేశాడు. చక్రాల ముందు, బండి పొట్ట కింద ఇసుకను చేతులతో తోడించాడు. రివర్సు గేరులో, మెల్లగా, వచ్చిన దారినే వెనక్కి తీయమన్నాడు. నెయ్యిలోంచి చెంచా వచ్చినట్టు వచ్చింది.

దీని వెనక మంత్రమేమీ లేదు. మామూలుగా పికప్ టైరులో 35 పౌండ్ల గాలి ఉంటుంది. అప్పుడు టైరు నేలను తాకే చోటు రెండు అరచేతులంత. రెండు టన్నుల బరువు అలాంటి నాలుగు మచ్చల మీద మోపితే ఎండు ఇసుక ఎలా ఆగుతుంది? గాలిని 15 పౌండ్లకు దించితే ఆ మచ్చ పొడవుగా సాగుతుంది. వెడల్పు పెరిగేది తక్కువ, పొడవు పెరిగేది ఎక్కువ. ట్యాంకు గొలుసు చక్రంలాగా ఇసుకను తవ్వకుండా దాని మీద పాకుతుంది. మరీ ఇరుక్కుంటే పన్నెండుకు, పదికి కూడా దించేవాళ్లం. అయితే అంత తక్కువ గాలితో చక్రం గబుక్కున తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి పేలిపోతాయి. మా బృందంలో ఒకాయన నింపడం బద్ధకించి తారు రోడ్డు మీద వందకు పైగా పోనిచ్చాడు. రెండు టైర్లు పోయాయి, జీతంలో కోత పడింది. ఆ నెల ఇంటికి పంపిన డబ్బు తగ్గిందని అటు నుంచి ఉత్తరం వచ్చింది. అందుకని బండిలో చిన్న గాలి పంపు, గేజి, పార ఉండాలి. జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక కూడా ఉండాలి. అది లేకపోతే జాకీ బండిని లేపదు, తానే ఇసుకలోకి దిగుతుంది.

ఇంకో రెండు మూడు సంగతులు పై పైన చెబుతాను. ఇసుకలో బ్రేకు వేయకూడదు. వేస్తే చక్రాల ముందు ఇసుక కట్ట కడుతుంది, మళ్లీ కదిలేటప్పుడు దాన్ని ఎక్కాలి. కాలు తీసి బండిని దానంతట అదే ఆగనివ్వాలి, వీలైతే పల్లం వైపు ముఖం పెట్టి ఆపాలి. దిబ్బకు గాలి కొట్టే వైపు కాస్త గట్టిగా, వాలుగా ఉంటుంది. అవతలి వైపు మెత్తగా, నిటారుగా, ముప్పై నాలుగు డిగ్రీల దాకా ఉంటుంది. మిట్ట మధ్యాహ్నం నీడలు ఉండవు కాబట్టి అంచు ఎక్కడుందో కంటికి ఆనదు. అందుకే తెల్లవారుజామున బయలుదేరి పదింటికల్లా దిబ్బలు దాటేసేవాళ్లం.

ఇసుక ఎంతో కొంత దయ గలది. సబ్ఖాకు ఆ దయ కూడా లేదు. సబ్ఖా అంటే ఉప్పు పెచ్చు కట్టిన నేల. నౌపడ ఉప్పు మడులు చూసినవాళ్లకు ఆ తెలుపు కొంచెం ఊహకు అందుతుంది. పైన పెంకులా గట్టిగా కనిపిస్తుంది, కింద ఊబి. ఒమన్ సరిహద్దులో ఉమ్ అల్ సమీమ్ అని ఒక పెద్ద సబ్ఖా ఉంది. దాని పేరెత్తితేనే మా ముసలాయన మాట మార్చేవాడు. సబ్ఖాలో పెంకు విరిగితే గాలి తీయడం వల్ల పెద్దగా లాభం లేదు, తవ్వితే గోతిలోకి ఉప్పు నీరు ఊరుతుంది. ఇంకో బండి గట్టి నేల మీద నిలబడి, పొడుగాటి తాడుతో లాగాల్సిందే. ముదురు రంగులో తడిగా కనిపించే చోటికి వెళ్లకపోవడం, పాత చక్రాల జాడ వదలకపోవడం, మేం నేర్చుకున్నది ఈ రెండే.

తాడు అన్నాను కాబట్టి ఇది చెప్పాలి. బండి వెనక ట్రాలీ తగిలించే ఇనప గుండు ఉంటుంది చూశారూ, తాడును దానికి ఎప్పుడూ కట్టకూడదు. అది ట్రాలీ లాగడానికి చేసింది, ఇరుక్కున్న బండిని జర్కు ఇచ్చి లాగడానికి కాదు. ఒకసారి మా శిబిరం దగ్గర తెలియని డ్రైవరు ఒకడు అలాగే కట్టాడు. గుండు విరిగి తాడుతో సహా ఫిరంగి గుండులా వచ్చి వెనక బండి ముందు అద్దంలోంచి దూరి, సీటు వెనక రేకును చీల్చుకుని వెళ్లింది. ఆ సీటులో ఉండాల్సిన మనిషి ఆ నిమిషానికి సిగరెట్టు కోసం దిగి ఉన్నాడు. పొగతాగడం మంచిదని చెప్పడం లేదు గానీ, ఆ రోజు నుంచి ఆయన్ని మానమని ఎవరూ అనలేదు. తాడు కట్టవలసింది ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికి. లాగేటప్పుడు తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ నిలబడకూడదు, వీడియో తీసేవాళ్లతో సహా.

2003 జూన్‌లో రెండు రాత్రులు ఇసుకలోనే ఉన్నాను. మా కంపెనీ రేడియో పాడైందని నాలుగుసార్లు చెప్పినా మార్చలేదు. గేరుబాక్సు పోయి బండి ఆగింది, గాలి తీసినా పార పట్టినా లాభం లేని పరిస్థితి. నాతో ఉన్న కుర్రవాడు బీహారువాడు, కొత్తగా వచ్చాడు. కంకర బాట ఎనిమిది కిలోమీటర్లే కదా, నడిచి వెళదాం అన్నాడు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆపాను. ఆ ఎండలో, మెత్తటి ఇసుకలో ఎనిమిది కిలోమీటర్లంటే మనిషి సగం దారిలోనే పడిపోతాడు. పడిపోయిన మనిషిని ఆకాశం నుంచి ఎవరూ చూడలేరు, తెల్ల బండిని చూడగలరు. మేం బండి కింద ఇసుకను ఒక అడుగు తోడి, ఆ నీడలో పగలంతా పడుకున్నాం. పైన వేడి ఇసుక తీసేస్తే కింద చల్లగా ఉంటుంది. మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన నీళ్లు తీసుకెళ్లడం మా బృందం నియమం కాబట్టి బతికి బయటపడ్డాం. దాహం మరీ ఎక్కువై ఆ కుర్రవాడు రేడియేటర్ నీళ్ల వైపు చూశాడు. అందులో కలిపే కూలెంటు విషం. ఆ మూత మీద నేను నా తువ్వాలు కప్పేశాను, కనిపించకుండా.

రెండో రోజు స్పేర్ టైరు తగలబెట్టాం. ముందు వాల్వు పీకి గాలి పూర్తిగా తీసి, గుడ్డకు డీజిలు తడిపి లోపల పెట్టి అంటించాం. గాలి ఉన్న టైరు మంటలో పేలుతుంది. నల్లటి పొగ చూసి మరుసటి ఉదయం ఒక ఒంటెల కాపరి వచ్చాడు. ఆయన చేతిలో మొదట కనిపించింది ఒంటె పాల గిన్నె. ఆ పాలు తాగుతూ బీహారు కుర్రవాడు ఏడ్చాడు. నేను ఏడవలేదని రాయాలని ఉంది.

2024లో మన తెలుగు కుర్రవాడొకడు, తోటి ఉద్యోగితో కలిసి, సౌదీ వైపు అదే రుబ్ అల్ ఖాలీలో దారి తప్పి, దాహంతో చనిపోయాడని పత్రికల్లో వచ్చింది. దారి చూపే జీపీఎస్ పనిచేయలేదు, ఇంధనం అయిపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ పిల్లలు ఏ తప్పు చేశారని నేను అనడం లేదు. అక్కడికి పంపేటప్పుడు వాళ్లకు ఎవరైనా ఏమైనా చెప్పి పంపారా అన్నదే నా ప్రశ్న. నాకైతే చెప్పలేదు.

నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఇక్కడ జరిగితే చూడడానికి ఊరంతా ఆర్కే బీచ్‌కు వస్తుంది. 1971లో డిసెంబరు 3 అర్ధరాత్రి మన తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన సంగతి ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఆ మరుసటి రాత్రే రాజస్థాన్‌లో లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు, బండ్లు మెత్తటి ఇసుకలో కూరుకుపోయాయి. తెల్లవారగానే జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు వచ్చి నిలబడ్డ చోటే వాటిని కొట్టాయి. అక్కడి ఇసుక ఎలాంటిదో ముందుగా వెళ్లి చూసుకోకుండా వచ్చారట. గొలుసు చక్రాల ట్యాంకుకే తప్పనిది, ఈఎమ్ఐ కారుకు తప్పుతుందా?

సరే, మళ్లీ మంగమారిపేట. మన బీచ్ ఎడారి కాదు, ఒప్పుకుంటాను. ఎడారిలో లేని ప్రమాదం ఇక్కడ ఉంది, నీరు. ఆర్కే బీచ్‌లో కెరటంలో నిలబడని విశాఖవాసి ఉండడు. కెరటం వెనక్కి వెళ్లేటప్పుడు మడమల కింద ఇసుకను లాక్కుపోతుంది, మనం అంగుళం అంగుళం దిగుతాం, పిల్లలు కేరింతలు కొడతారు. ఆగి ఉన్న టైరుకు కూడా అదే జరుగుతుంది. తడి ఇసుక గట్టిగా ఉందని నీటి అంచున బండి నడుపుతారు. కదులుతున్నంతసేపూ గట్టిగానే ఉంటుంది. ఫోటో కోసం ఆపితే నాలుగు కెరటాలు చాలు. ఆటు నుంచి పోటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది కాబట్టి టైము ఉందిలే అనుకుంటారు. ఆ ఆరు గంటల్లో ఇప్పుడు ఎన్నో గంట నడుస్తోందో ఎవరికీ తెలియదు.

అసలు ఆ కారు చూడడానికి జీపులా ఎత్తుగా, గుండెలు విరుచుకుని ఉంది. వంగి చూస్తే వెనక ఇరుసుకు ఇంజను నుంచి వచ్చే షాఫ్టే లేదు. బలమంతా ముందు రెండు చక్రాలకే. "ఇది ఫోర్ వీల్ డ్రైవ్ కాదా అండీ?" అని ఆ కుర్రవాడు నన్నే అడిగాడు, కొన్నది వాళ్ల నాన్నగారట. కొండ మీదికి, ఇసుకలోకి, వాగులోకి దూకించి చూపించే ప్రకటనల్లో ఏ మోడల్‌కు ఎన్ని చక్రాలకు బలం ఉందో కాస్త పెద్ద అక్షరాలతో రాస్తే బాగుండును.

మా మాటలు విని, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చాడు. ఏం చేయాలో ఆయనకు చెప్పాల్సిన పని లేకపోయింది. రోజూ తెప్పలను ఇసుక మీదికి లాగే మనిషి. "గాలి తీసేయండి బాబూ, మా ట్రాక్టరు టైరు చూడండి ఎంత మెత్తగా ఉంటుందో" అన్నాడు. అంతవరకూ నన్ను నమ్మని కుర్రవాళ్లు ఆయన్ని నమ్మారు, అది నాకు కాస్త గుచ్చుకుంది. ట్రాక్టరు వెనక టైరులో గాలి కారు టైరులో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు, ఆయన చెప్పింది నిజం.

ఇంటి తాళంచెవితో వాల్వు నొక్కి, గేజి లేదు కాబట్టి టైరు పక్క ఎంత ఉబ్బిందో చూసుకుంటూ గాలి తీశాం. వీడియో తీసే కుర్రవాడి చేతికి కొబ్బరి చిప్ప ఇచ్చి పొట్ట కింద ఇసుక తోడమన్నాను. బాగా తోడాడు, మెప్పు దక్కించుకున్నాడు. పెద్దాయన పడవ కింద వేసే పలకలు రెండు తెచ్చి ముందు చక్రాల వెనక దోపాడు. కర్ణుడి రథ చక్రం దిగబడిందని అందరం చదువుకున్నాం కదా, ఆయన చేసిన పనిలో ఒకటి మాత్రం సరైనది: రథం దిగి చక్రం దగ్గరికి వెళ్లాడు. మన కుర్రవాళ్లు అది కూడా చేయరు. మొదటి కెరటం వెనక చక్రాన్ని తాకేసరికి మా పని పూర్తయింది. "రివర్సు గేరు. మెల్లగా. చక్రం ఊరికే తిరిగితే వెంటనే కాలు తీసేయి" అన్నాను. రెండు సార్లు కాలు తీశాడు. మూడోసారి బండి పలకల మీదికి ఎక్కి, కెరటాన్ని వెనక చక్రాలతో తొక్కుకుంటూ తడి గట్టు మీదికి వెళ్లి, అక్కడ ఆగకుండా అర్ధచంద్రాకారంగా తిరిగి రోడ్డెక్కింది. అంత పెద్ద వంపు తీసుకోమని చెప్పింది నేనే, రిమ్ము ఊడుతుందని. బంకు దాకా ఇరవై దాటి పోనివ్వవద్దని కూడా చెప్పాను.

పెద్దాయన పలకలు కడుక్కుంటూ ఇంకో మాట అన్నాడు. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఈ మెత్తటి ఇసుకలోకేనని, బండ్లు ఎక్కితే ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవని. ఆలివ్ రిడ్లే తాబేలు అడుగున్నర లోతున గుడ్లు పెడుతుంది, నెలన్నర నుంచి రెండు నెలలు అవి అక్కడే ఉంటాయి. కాబట్టి బీచ్ మీద బండి ఎలా నడపాలో నేర్పడం నా ఉద్దేశం కాదు. బీచ్ మీదికి బండి తీసుకెళ్లవద్దనే చెబుతాను. రోడ్డు పక్కన ఆపి నడిచి వెళితే మన కాళ్లేమీ అరిగిపోవు.

నేర్పాల్సింది వేరే చోట. మన విశాఖ నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఇప్పటికీ గల్ఫ్‌కు డ్రైవర్లుగా వెళుతున్నారు. ఇక్కడ శిక్షణ కేంద్రాలు ఉన్నాయి, వాళ్లకు నాలుగు అరబ్బీ మాటలు, కుడి వైపు నడపడం, సీటు బెల్టు నేర్పుతారు. సంతోషం. దానికి ఒక్క రోజు ఇసుక పాఠం కలపమని నా మనవి. దీనికి ఎడారి అక్కరలేదు. శిక్షణ మైదానంలో ఒక మూల రెండు లారీల ఎండు ఇసుక పోయించండి, ఒక పాత జీపు, ఒక పార, ఒక గేజి తెచ్చి పెట్టండి. రెండు లారీల ఇసుక మన రాష్ట్రంలో అంత తేలికగా దొరుకుతుందా అని మీ పాఠకులు నవ్వుకుంటారని తెలుసు. అయినా అడుగుతున్నాను. ప్రతి కుర్రవాడూ ఒకసారి బండిని దిగబెట్టాలి, ఒకసారి తానే తీయాలి. 35 పౌండ్ల మీద దిగబడిన చోటే 15 మీద ఎలా దాటుతుందో వాడి కాలికి తెలియాలి. నోటితో చెబితే ఎక్కదు. నాకు ఎక్కింది ముసలాయన నా కాలు ఎత్తి పక్కన పెట్టినప్పుడే. ఎడారిలో బండి ఆగితే దాన్ని వదిలి వెళ్లవద్దని కూడా ఆ రోజే చెప్పండి.

ఏ కేంద్రమైనా ముందుకు వస్తే నేను డబ్బు తీసుకోకుండా వచ్చి చెబుతాను. మోకాళ్లు మునుపటిలా వంగవు, పార పట్టడం మాత్రం వచ్చు. చేట్టన్ ఇచ్చిన ఇత్తడి గేజి నా దగ్గర ఇంకా పనిచేస్తోంది. ఆదివారం అది ఇంట్లో ఉండిపోయింది, ఇప్పుడు మా ఆవిడ చేతిసంచిలో వేసుకుని తిరుగుతోంది.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. కత్తిరించాల్సి వస్తే సబ్ఖా సంగతి తీసేయండి, లోంగేవాలా కూడా తీసేయండి. తాడును వెనక గుండుకు కట్టవద్దన్న పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రైవరు,
పెదగంట్యాడ, విశాఖపట్నం